మెడ తిరిగితే, నోరు కదిలితే – మందు పారెయ్యకండి

ఎనుమాముల మార్కెట్ అంటే వరంగల్‌లో తెలియనివారు ఉండరు. పత్తి వస్తుంది. ఎండుమిర్చి వస్తుంది. పసుపు, మక్కలు వస్తాయి. మిర్చి కాలంలో మార్కెట్ అంతా ఎర్రగా కనిపిస్తుంది. ఘాటుకు తుమ్ములు ఆగవు. ఆడవాళ్లు ముక్కుకు కొంగు కట్టుకుని పని చేస్తారు. రాలిన మిర్చి ఊడుస్తారు. తొడిమలు తీస్తారు.

అలా పని చేసే ఒక తల్లి ఉందనుకుందాం. ఆమెకు ఇరవై రెండేళ్ల కొడుకు. మార్కెట్‌లోనే బస్తాలు మోసేవాడు. ఉన్నట్టుండి మారిపోయాడు. రాత్రిళ్లు నిద్ర లేదు. ఎవరూ లేకపోయినా మాటలు వినపడుతున్నాయన్నాడు. "అన్నంల విషం కలిపిండ్రు" అని కంచం తోసేశాడు. తల్లి ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాడు. గోళీలు రాశాడు. రెండు రోజులకు కొడుకు కంటినిండా నిద్రపోయాడు. అన్నం తిన్నాడు. తల్లికి ప్రాణం లేచి వచ్చింది.

మూడో రోజు సాయంత్రం కొడుకు మెడ ఒక పక్కకు తిరిగిపోయింది. కళ్లు పైకి పోయాయి. నాలుక బయటికి వచ్చింది.

"అవ్వా, మెడ గుంజుతాంది" అన్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది.

ఇరుగుపొరుగు మూగారు. "గాలి సోకింది" అంది ఒకామె. "మంత్రం పెట్టియ్యాలె" అన్నాడు ఒకాయన. "గీ గోళీలే పాడు చేసినయ్. పారెయ్యి వదినె" అంది పక్కింటామె.

తల్లి చేతిలో గోళీల పొట్లం ఉంది. పారెయ్యాలా? ఉంచాలా? ఏం చెయ్యాలి?

ఈ తల్లికి వచ్చిన కష్టం చాలా ఇళ్లలో వస్తుంది. దాని సంగతి తెలుసుకుందాం.

ఇది గాలి కాదు, చేతబడి కాదు

మనసుకు జబ్బు వస్తుంది. ఒంటికి జబ్బు వచ్చినట్టే వస్తుంది. దానికి మందులు ఉన్నాయి. లేని మాటలు వినపడటం, లేనిపోని అనుమానాలు రావడం – వీటిని తగ్గించే మందులను డాక్టర్లు యాంటీ సైకోటిక్ మందులు అంటారు. హాలోపెరిడాల్, క్లోర్‌ప్రోమజిన్, ట్రైఫ్లుయోపెరజిన్ పాత మందులు. రిస్పెరిడోన్, ఒలాంజపిన్, క్వెటియాపిన్, క్లోజపిన్ తర్వాత వచ్చిన మందులు.

ఈ మందులు మేలు చేస్తాయి. కొందరికి కొన్ని బాధలు కూడా తెస్తాయి. మెడ తిరగడం, చెయ్యి వణకడం, కూర్చోలేకపోవడం, నోరు దానంతట అదే కదలడం – ఇవి ఆ బాధల్లో కొన్ని. మనిషి కావాలని చేసేవి కావు. నటన కాదు. మొండితనం కాదు. దయ్యం పని అంతకన్నా కాదు.

పక్కింటామె చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. మెడ తిరగడానికి కారణం మందే. కానీ "పారెయ్యి" అన్న మాట తప్పు. ఎందుకు తప్పు? అది తెలియాలంటే మందు ఏం చేస్తుందో తెలియాలి.

చెరువు, తూము, రెండు మళ్లు

మెదడులో డోపమిన్ అనే పదార్థం ఉంటుంది. మెదడులో ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఇది కబురు మోస్తుంది.

ఒక చెరువు ఉందనుకోండి. ఒకే తూము నుంచి రెండు మళ్లకు నీళ్లు పోతాయి. ఒక మడి ఆలోచనల మడి. రెండోది కదలికల మడి. నడవడం, చెయ్యి ఎత్తడం, నమలడం – ఇవన్నీ సాఫీగా జరగాలంటే రెండో మడికి నీళ్లు కావాలి.

జబ్బు వచ్చినప్పుడు ఆలోచనల మడిలో నీళ్లు పొంగుతాయి. లేనివి ఉన్నట్టు తోస్తాయి. మందు వచ్చి తూముకు అడ్డుపలక వేస్తుంది. ఆలోచనల మడిలో పొంగు తగ్గుతుంది. మనిషి కుదుటపడతాడు. కానీ తూము ఒకటే కదా! కదలికల మడికి కూడా నీళ్లు తగ్గుతాయి. అందుకే ఒళ్లు బిగుసుకుంటుంది. చేతులు వణుకుతాయి.

ఇప్పుడు అడ్డుపలక పీకి పారేస్తే ఏమవుతుంది? ఆలోచనల మడి మళ్లీ పొంగుతుంది. జబ్బు తిరగబెడుతుంది. కాబట్టి పలకను పీకెయ్యకూడదు. ఎంత దించాలో, ఏ పలక మార్చాలో తూము సంగతి తెలిసినవారు చూడాలి. ఆ తెలిసినవారు డాక్టరు.

ఈ సంగతి ఎలా తెలిసింది?

దీని వెనుక మన దేశపు మొక్క ఒకటి ఉంది. దాని పేరు సర్పగంధ. దాని వేరును మన వైద్యులు ఎన్నో తరాలుగా వాడారు. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు ఆ వేరు గురించి రాశారు. అది రక్తపోటును తగ్గిస్తుందని, మతి చెదిరినవారిని శాంతపరుస్తుందని చెప్పారు. 1952లో స్విట్జర్లాండ్‌లో ఆ వేరు నుంచి రిసర్పిన్ అనే మందును వేరు చేశారు.

అదే 1952లో పారిస్ నగరంలో డాక్టర్లు క్లోర్‌ప్రోమజిన్‌ను మనసు జబ్బులకు వాడారు. అంతకుముందు ఏళ్ల తరబడి ఆసుపత్రి గోడల మధ్యే ఉన్నవారు చాలామంది ఇళ్లకు వెళ్లగలిగారు. కానీ కొందరికి ఒళ్లు బిగుసుకుంది. చేతులు వణికాయి.

ఎందుకు? 1950ల చివర్లో స్వీడన్ దేశంలో ఆర్విడ్ కార్ల్‌సన్ అనే శాస్త్రవేత్త కుందేళ్లకు రిసర్పిన్ ఇచ్చాడు. కుందేళ్లు కదలకుండా పడి ఉన్నాయి. చెవులు వాలిపోయాయి. తర్వాత వాటికి ఎల్-డోపా అనే పదార్థం ఇచ్చాడు. అది ఒంట్లో డోపమిన్‌గా మారుతుంది. కుందేళ్లు లేచి తిరిగాయి! కదలికకు డోపమిన్ కావాలని అలా తెలిసింది. ఆయనకు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. సర్పగంధ మన మొక్కే కదా అని వేరు పొడి తినకండి. అది రక్తపోటును బాగా దించుతుంది. మనసును కుంగదీస్తుంది. దూలగొండి గింజల్లో ఎల్-డోపా ఉంటుంది. వణుకుకు అవి మంచివని ఎవరైనా చెప్పవచ్చు. మనసు జబ్బు ఉన్నవారు వాటిని సొంతంగా తింటే జబ్బు మళ్లీ పైకి లేవవచ్చు.

బాధలు నాలుగు రకాలు

అన్ని కదలికలూ ఒకటి కావు. ఒకదానికి పనికొచ్చే మందు ఇంకోదానికి పనికిరాదు. అందుకే ఏది ఏదో గుర్తుపట్టాలి.

1. కండరాలు పట్టేయడం

ఇది మందు మొదలుపెట్టిన కొద్ది గంటల్లో, కొద్ది రోజుల్లో వస్తుంది. మెడ తిరిగిపోతుంది. కళ్లు పైకి పోయి నిలబడిపోతాయి. దవడ బిగుస్తుంది. నాలుక బయటికి వస్తుంది. వయసులో ఉన్న మగపిల్లలకు ఎక్కువగా వస్తుంది. చూస్తే గుండె ఆగినంత పని అవుతుంది. కానీ దీనికి మందు ఉంది. త్వరగా పని చేస్తుంది.

మన కథలో కొడుకుకు వచ్చింది ఇదే. ఆ వాడకట్టులో ఆశా కార్యకర్త ఉంది. ఆమె పరుగున వచ్చింది.

"మంత్రం వద్దు, తంత్రం వద్దు. పారెయ్యకు చిన్నమ్మా! గోళీల పొట్లం చేతవట్టుకో. దవఖానకు పోదాం నడువు" అంది.

దవఖానలో డాక్టరు పొట్లం మీద పేరు చదివాడు. ప్రోమెథజిన్ ఇంజెక్షన్ ఇచ్చాడు. అరగంటలో మెడ తిన్నగా అయింది. కొడుకు అవ్వ మొహం చూసి నవ్వాడు. డాక్టరు పాత గోళీ మోతాదు తగ్గించాడు. కొద్ది రోజులకు ట్రైహెక్సిఫెనిడిల్ అనే ఇంకో గోళీ రాశాడు. దీన్నే టి.హెచ్.పి. గోళీ అంటారు.

ఒక మాట గుర్తుంచుకోండి. వాంతులకు ఇచ్చే కొన్ని మందులు కూడా ఇలా మెడ తిప్పుతాయి. మెటాక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్ అలాంటివి. పిల్లలకు కూడా ఇలా జరగవచ్చు. అప్పుడు కూడా గాలి అనుకోకండి. ఆ మందు తీసుకుని ఆసుపత్రికి పొండి.

గొంతు పట్టేసి ఊపిరి ఆడకపోతే ఆలస్యం చెయ్యకూడదు. వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి.

2. ఒక్కచోట నిలవలేకపోవడం

ఇది కొన్ని రోజుల్లో, కొన్ని వారాల్లో వస్తుంది. మనిషి కూర్చోలేడు. లేస్తాడు. తిరుగుతాడు. మళ్లీ కూర్చుంటాడు. నిలబడ్డచోటే కాళ్లు మార్చి మార్చి వేస్తాడు. లోపల ఏదో తరుముతున్నట్టు ఉంటుంది.

ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారు? "మళ్లీ ముదిరింది. ఇంకో గోళీ ఎక్కువ వేద్దాం" అనుకుంటారు. ఇది పెద్ద పొరపాటు. ఈ బాధ మందు వల్ల వచ్చింది. మందు ఎక్కువ వేస్తే బాధ ఎక్కువ అవుతుంది. కొందరికి తట్టుకోలేక చచ్చిపోవాలనిపిస్తుంది. అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోకండి. "ఊకె ఎందుకు తిరుగుతున్నవ్, కూసో" అని కసరకండి. "లోపల ఎట్లున్నది బిడ్డా?" అని అడగండి.

దీనికి డాక్టరు మోతాదు తగ్గిస్తారు. లేకపోతే మందు మారుస్తారు. ప్రొప్రనలాల్ అనే గోళీ ఇవ్వవచ్చు. ఆయాసం, ఉబ్బసం ఉన్నవారికి ఆ గోళీ పడదు. ఉబ్బసం ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి.

3. వణుకు, బిగుసుకుపోవడం

ఇది కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో వస్తుంది. చేతులు వణుకుతాయి. ఒళ్లు కట్టెలా అవుతుంది. అడుగులు చిన్నవైపోతాయి. నడిచేటప్పుడు చేతులు ఊగవు. మొహంలో నవ్వు, ఏడుపు కనపడవు. చొల్లు కారుతుంది. వయసు మళ్లినవారికి ఎక్కువగా వస్తుంది. ఆడవాళ్లకు కొంత ఎక్కువ.

దీనికి కూడా ముందు చేసేది మోతాదు తగ్గించడం, మందు మార్చడం. అవసరమైతే టి.హెచ్.పి. గోళీ ఇస్తారు.

టి.హెచ్.పి. గోళీకి కూడా దాని చిక్కులు ఉన్నాయి. నోరు ఎండుతుంది. మలబద్ధకం వస్తుంది. మూత్రం సరిగా రాదు. చూపు మసకబారుతుంది. ముసలివారికి మతిమరుపు, తికమక వస్తాయి. చెమట తక్కువ పడుతుంది. వరంగల్ ఎండలు మీకు తెలుసు. చెమట పట్టకపోతే ఒళ్లు చల్లబడదు. వడదెబ్బ తగులుతుంది. ఈ గోళీలు వేసుకునేవారు ఎండాకాలం మిట్టమధ్యాహ్నం పని చెయ్యకూడదు. నీళ్లు ఎక్కువ తాగాలి. ఏళ్ల తరబడి ఊరికే వాడే గోళీ కాదిది. "ఇది ఇంకా కావాల్నా సారూ?" అని అప్పుడప్పుడు డాక్టరును అడగాలి. ఒక్కసారిగా మానకూడదు.

వణికిన ప్రతి చెయ్యీ మందు వల్ల వణకదు. రోజూ తాగే కల్లు, సారా ఒక్కసారిగా మానినా వణుకు వస్తుంది. కొన్నిచోట్ల కల్లులో నిద్రమందు కలుపుతారు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లును కట్టడి చేసినప్పుడు చాలామంది వణుకుతో, తికమకతో ఆసుపత్రులకు వచ్చారు. అందుకే డాక్టరు అడిగినప్పుడు కల్లు సంగతి దాచకండి.

4. నోరు దానంతట అదే కదలడం

ఇది ఆలస్యంగా వచ్చే బాధ. నెలల తరబడి, ఏళ్ల తరబడి మందు వాడాక వస్తుంది. డాక్టర్లు దీన్ని టార్డివ్ డిస్కైనీషియా అంటారు. "టార్డివ్" అంటే ఆలస్యంగా వచ్చేది. జర్మనీలో షోనెకర్ అనే డాక్టరు 1957లో దీని గురించి మొదట రాశాడు.

ఇంకో ఇల్లు చూద్దాం. ఆ ఇంట్లో అరవై ఏళ్ల అత్త ఉంది. పదిహేనేళ్లుగా మనసు జబ్బుకు మందు వాడుతోంది. జబ్బు అదుపులోనే ఉంది. వంట చేస్తుంది. మనవలను ఆడిస్తుంది. కానీ ఈ మధ్య ఆమె పెదవులు ఊరికే చప్పరిస్తాయి. దవడ నమిలినట్టు ఆడుతుంది. నాలుక లోపల తిరుగుతుంది. వేళ్లు వీణ వాయించినట్టు కదులుతాయి.

ఒక పెళ్లిలో పిల్లలు నవ్వారు. "ఏం నములుతున్నవ్ అమ్మమ్మా? మాకూ పెట్టరాదు" అన్నారు. పెద్దలు పొగాకు అనుకున్నారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రోజు నుంచి పెళ్లికి పోదు. బోనాలకు పోదు. ఇల్లు కదలదు.

ఒక రాత్రి కోడలు గమనించింది. నిద్రలో అత్త నోరు కదలడం లేదు! పొద్దున లేవగానే మళ్లీ మొదలైంది. ఈ బాధకు ఇది ఒక గుర్తు. నిద్రలో తగ్గుతుంది. కంగారు పడితే పెరుగుతుంది.

ఇది ఎందుకు వస్తుంది? మళ్లీ చెరువు దగ్గరికి పోదాం. ఏళ్ల తరబడి కదలికల మడికి నీళ్లు తక్కువ వస్తే రైతు ఏం చేస్తాడు? కాలువ గండి వెడల్పు చేస్తాడు. వచ్చిన కొద్ది నీళ్లనూ పట్టుకోవాలని చూస్తాడు. మెదడు కూడా అలాగే చేస్తుందని శాస్త్రవేత్తలు అంటారు. అప్పుడు కొద్ది డోపమిన్‌కే ఎక్కువ కదలిక వస్తుంది. ఇలాంటప్పుడు మందు ఒక్కసారిగా మానితే వరద వచ్చినట్టే. నోరు ఇంకా ఎక్కువ కదలవచ్చు. పైగా జబ్బు తిరగబెడుతుంది.

ఇది ఎంతమందికి వస్తుంది? ఎన్నో అధ్యయనాలను 2017లో కలిపి చూశారు. పాత మందులు వాడేవారిలో పది మందిలో సుమారు ముగ్గురికి ఉంది. కొత్త మందులు వాడేవారిలో అయిదుగురిలో ఒకరికి ఉంది. వయసు మళ్లినవారికి, ఆడవాళ్లకు, షుగర్ ఉన్నవారికి ముప్పు ఎక్కువ.

నోటి కదలికకు వైద్యం ఏమిటి?

మొదటిది, త్వరగా పట్టుకోవడం. ముదిరితే తగ్గడం కష్టం. మొదట్లో పడితే తగ్గే అవకాశం ఎక్కువ.

రెండోది, మందును చూసుకోవడం. డాక్టరు మోతాదును మెల్లమెల్లగా తగ్గించవచ్చు. క్లోజపిన్, క్వెటియాపిన్ లాంటి మందుకు మార్చవచ్చు. క్లోజపిన్ వాడితే రక్తపరీక్షలు తప్పకుండా చేయించుకోవాలి. తెల్ల రక్తకణాలు తగ్గుతాయేమో చూడాలి.

మూడోది, టి.హెచ్.పి. గోళీ సంగతి. వణుకుకు పనికొచ్చిన ఈ గోళీ నోటి కదలికకు పనికిరాదు. కొందరికి కదలికను పెంచుతుంది. అందుకే డాక్టరు దాన్ని మెల్లగా మాన్పిస్తారు. "పోయినసారి వణుకుకు పని చేసింది కదా" అని దుకాణంలో సొంతంగా కొని వెయ్యకండి.

నాలుగోది, ఈ కదలికకే ఇచ్చే మందు. టెట్రాబెనజిన్ అలాంటిది. మెదడు కణాల్లో డోపమిన్ చిన్న చిన్న సంచుల్లో ఉంటుంది. ఈ మందు ఆ సంచులు నిండకుండా చూస్తుంది. పొంగు తగ్గుతుంది. దాని అన్నదమ్ముల్లాంటి రెండు మందులకు, వాల్బెనజిన్, డ్యూటెట్రాబెనజిన్‌లకు, 2017లో అమెరికాలో ఈ బాధ కోసం అనుమతి ఇచ్చారు. టెట్రాబెనజిన్ వాడితే మత్తు రావచ్చు. మనసు దిగులు పడవచ్చు. దిగులు పెరిగితే వెంటనే చెప్పాలి.

కోడలు అత్తను వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడ మానసిక వైద్య విభాగం ఉంది. డాక్టరు మందు మార్చారు. నెలలు పట్టింది. అత్త నోటి కదలిక పూర్తిగా పోలేదు. కానీ సగానికి తగ్గింది. అన్నం తినేటప్పుడు మెతుకులు రాలడం లేదు. బతుకమ్మకు అత్త మళ్లీ వాడకట్టులోకి వచ్చింది. పిల్లలకు కోడలు ముందే చెప్పింది. "అమ్మమ్మ ఏం నమలట్లేదురా. అది మందు వల్ల వచ్చిన బాధ. నవ్వొద్దు." పిల్లలు నవ్వలేదు.

ఇంట్లోనే చూసుకోవచ్చు

డాక్టర్లు ఈ కదలికలను చూసే పద్ధతి ఒకటి ఉంది. అమెరికాలో 1976లో తయారైంది. యంత్రాలు అక్కర్లేదు. రక్తం తియ్యక్కర్లేదు. కళ్లతో చూడటమే. అందులో కొన్ని మనమూ చూడవచ్చు.

మనిషిని కుర్చీలో కూర్చోబెట్టండి. చేతులు మోకాళ్ల మీద పెట్టుకోమనండి. ఊరికే ఉన్నప్పుడు ఏమైనా కదులుతోందా చూడండి.

నోట్లో ఆకు, వక్క, పొగాకు లేకుండా చూడండి. నోరు తెరవమనండి. నాలుక లోపల కదులుతోందా? నాలుక బయట పెట్టమనండి. నిలుస్తోందా?

బొటనవేలితో మిగతా వేళ్లను ఒక్కొక్కటిగా తాకమనండి. అప్పుడు మొహం, కాళ్లు చూడండి.

లేచి నాలుగు అడుగులు నడవమనండి. చేతులు ఊగుతున్నాయా? అడుగులు సరిగా పడుతున్నాయా?

ఇలా ఆరు నెలలకొకసారైనా చూడండి. కొత్తగా ఏమైనా కనిపిస్తే డాక్టరుకు చెప్పండి. "మీరే చూడండి సారూ" అని అడగండి.

చదువు ఇక్కడ పనికొస్తుంది

డాక్టరు దగ్గర సమయం తక్కువ. వరుస పొడుగు. లోపలికి పోయాక సగం మాటలు మరిచిపోతాం. అందుకే ఇంట్లోనే ఒక కాగితం మీద రాసుకోండి. కొడుకు తల్లి ఇలా రాసింది.

గోళీ పేరు: హాలోపెరిడాల్
మొదలుపెట్టింది: సోమవారం
ఏం జరిగింది: మెడ కుడి పక్కకు తిరిగింది, కళ్లు పైకి పోయినయి
ఎప్పుడు: మూడో రోజు సాయంత్రం
వేరే మందులు: లేవు
కల్లు: తాగడు

ఆరు వరుసలే. అక్షరాలు వంకరగా ఉన్నా ఫరవాలేదు. తర్వాతి సారి డాక్టరు మారారు. కొత్త డాక్టరు ఆ కాగితం చదివారు. ఆ పిల్లవాడికి ఏ మందు పడదో వెంటనే తెలిసింది. మళ్లీ మెడ తిరగలేదు. రాయడం రాకపోతే ఆ తల్లి ఆ మాట ఎలా గుర్తుపెట్టుకునేది?

గోళీల అట్ట పారెయ్యకండి. దాని మీద పేరు ఉంటుంది. కూడబలుక్కుని చదవండి. కాగితంలో రాసుకోండి.

అడగడం మీ హక్కు

2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది. 2018 మే 29 నుంచి అమలులో ఉంది. మనసు జబ్బు ఉన్నవారికి తమ జబ్బు ఏమిటో, ఏ వైద్యం చేస్తారో తెలుసుకునే హక్కు ఉందని ఆ చట్టం చెబుతుంది. ఆ మందు వల్ల వచ్చే బాధలు కూడా చెప్పాలి. వారికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. కాబట్టి భయపడకుండా అడగండి. "ఈ గోళీతోని ఏం బాధ రావచ్చు? వస్తే ఏం చెయ్యాలె?" ఈ రెండు ప్రశ్నలు చాలు.

కడుపుతో ఉన్నా, పాలిచ్చే తల్లి అయినా ఆ సంగతి కూడా చెప్పండి.

ఎవరిని అడగాలో తెలియకపోతే 14416కి ఫోన్ చెయ్యండి. ఇది టెలి మానస్. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించింది. డబ్బు తీసుకోరు. తెలుగులో మాట్లాడవచ్చు. హైదరాబాదు ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి కూడా ఉంది.

గుర్తుంచుకోండి

మందు వల్ల కదలికలు వస్తాయి. అది గాలి కాదు, చేతబడి కాదు.

మందు సొంతంగా మానకండి. సొంతంగా పెంచకండి. డాక్టరును కలవండి.

నాలుగు బాధలకు నాలుగు రకాల వైద్యం. ఒకరి గోళీ ఇంకొకరికి ఇవ్వకండి.

జ్వరం బాగా వచ్చి, ఒళ్లు కట్టెలా బిగుసుకుని, చెమటలు పోసి, మాట తడబడితే ప్రాణానికే ముప్పు. అప్పుడు మాత్రం తర్వాతి గోళీ వెయ్యకుండా వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకుపోవాలి.

కలిసి మాట్లాడుకోండి

1. కొడుకు మెడ తిరిగినప్పుడు ఇరుగుపొరుగు ఏమన్నారు? ఆశా కార్యకర్త ఏమంది?

2. కూర్చోలేక తిరిగే మనిషికి ఇంకో గోళీ ఎక్కువ వేస్తే ఏమవుతుంది?

3. అత్త పెళ్లిళ్లకు పోవడం ఎందుకు మానింది? తప్పు ఎవరిది?

4. మీ వాడకట్టులో ఇలాంటి బాధ పడేవారు ఉన్నారా? వారి ఇంటివారికి మీరు ఏం చెబుతారు?

5. మీ ఇంట్లో ఎవరైనా రోజూ గోళీ వేసుకుంటున్నారా? అట్ట మీద దాని పేరు చదవండి. ఒక కాగితం మీద రాయండి.